వాన పడితే ఇంకా నిద్ర పట్టట్లేదు, నాకేమైనా పిచ్చి పడుతోందా?

వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించాను:

మేడం గారికి నమస్తే. నా వయసు 36, ఇంట్లోనే మిషను కుడతాను, మా ఆయన ఆటో వేస్తారు, బాబుకి 8 ఏళ్ళు. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు మేం విజయవాడ సింగ్ నగర్ లో కింద పోర్షన్ లో ఉండేవాళ్ళం. మాకు ఎవరూ ఏం చెప్పలేదు. ముందు చీలమండల దాకా వచ్చాయి, ఏటా వచ్చేవేలే అనుకున్నా. కస్టమర్ల జాకెట్ల సంచి ఒక చేత్తో, బాబుని ఒక చేత్తో పట్టుకుని పైకెళ్ళి దింపి వచ్చేసరికి నడుం దాకా వచ్చేశాయి. మా అత్తగారు మంచం మీదే ఉన్నారు, ఆవిడ సరిగ్గా నడవలేరు. పక్కింటి కుర్రాళ్ళు ఇద్దరు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు గానీ అప్పటికే మొత్తం తడిసి ముద్దయిపోయారు. మూడు రాత్రులు పైవాళ్ళింట్లోనే ఉన్నాం, కరెంటు లేదు, తాగే నీళ్ళు లేవు. తర్వాత ఆవిడకి నిమ్ము చేసి అక్టోబర్ లో హాస్పిటల్లో చనిపోయారు. మా ఆడపడుచు అందరి ముందూ నీకు మా అమ్మ కంటే జాకెట్లే ఎక్కువయ్యాయి అంది. అప్పట్నుంచీ వాన పడితే నిద్ర లేదు. డాబా మీద ట్యాంకు నిండి నీళ్ళు కారినా గుండె దడదడలాడి చెమటలు పడుతున్నాయి. ఇప్పుడు రెండో అంతస్తులో అద్దెకుంటున్నా రాత్రికి నాలుగైదు సార్లు లేచి రోడ్డు చూసుకుంటా. పాత వీధి వైపు వెళ్ళలేను, అక్కడి కస్టమర్లంతా పోయారు. బాబుని ఊరికే కొట్టేస్తున్నా, తర్వాత ఏడుస్తున్నా. మెడికల్ షాపతను ఇచ్చిన నిద్ర మాత్ర నాలుగు నెలల నుంచి వేసుకుంటున్నా. తాయెత్తు కట్టించారు. అందరూ వరద నీ ఒక్కదానికే వచ్చిందా, మర్చిపో అంటారు. మా ఆయన రోజూ తాగొచ్చి పడుకుంటున్నారు. బాబు బకెట్లో మగ్గు తేలేసి బొమ్మల్ని ఎక్కించి రండి రండి అని అరుస్తూ ఆడుతుంటాడు, అది చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. ఒక్కోసారి ఆవిడ బదులు నేను పోయినా బాగుండేది అనిపిస్తుంది. నాకు పిచ్చి పడుతోందా? డాక్టర్ దగ్గరకెళ్తే పిచ్చిదని ముద్ర పడదా?

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు పిచ్చి పట్టట్లేదు. ఇది ముందు చెప్పేస్తున్నా, ఎందుకంటే ఆ ఒక్క మాట కోసమే మీరు ఇంత రాశారని నాకు అర్థమైంది.

అయితే ఇంకో మాట మిగతా అన్నిటికంటే ముందు మాట్లాడుకోవాలి. నేను పోయినా బాగుండేది అని రాశారు. అది బాధలో వచ్చిన మాటేనా, లేకపోతే ఎలా పోవాలి ఎప్పుడు పోవాలి అని ఆలోచన కూడా నడుస్తోందా? ఒక్క రాత్రయినా అలాంటి ఆలోచన వచ్చి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ నిమిషమే మీ ఆయన్ని లేపి చెప్పండి, తాగి పడుకున్నా సరే కుదిపి లేపండి, ఆ నిద్ర మాత్రలు మీ చేతికందకుండా పైవాళ్ళకో పక్కవాళ్ళకో ఇచ్చేయండి, 14416 కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ అని 2022 అక్టోబర్ లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నంబరు, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఏమైనా చేసేసుకుంటానేమో అన్నంత భయం వేస్తే 108 కి చేసి హాస్పిటల్ కి వెళ్ళిపోవడమే. సిగ్గుపడేంత విషయం కాదిది.

ఇప్పుడు మా పెద్దమ్మ సంగతి చెప్తా, దానికీ మీకూ సంబంధం ఉంది. ఆవిడది దివిసీమలో కోడూరు వైపు. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు తాడిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉండి బతికింది, అత్తింటివాళ్ళలో చాలామంది పోయారు. నాకు ఊహ తెలిసేనాటికి ఆవిడ మంచం కింద ఎప్పుడూ ఒక కొబ్బరితాడు చుట్ట ఉండేది. కార్తీక మాసంలో కాస్త గాలి గట్టిగా వీస్తే చాలు, నిద్రలోనే చెయ్యి కిందకి జారి ఆ తాడుందా లేదా అని తడుముకునేది, నేను పక్కనే పడుకునేదాన్ని కాబట్టి చాలాసార్లు చూశాను. తాడు చేతికి తగిలితే మళ్ళీ నిద్రపోయేది. ఉప్పెన తర్వాత ఆవిడ బతికినంత కాలం ఆ తాడు అక్కడే ఉంది. ఇంట్లో ఎవ్వరూ ఒక్కసారి కూడా ఆ రాత్రి ఏం జరిగింది పెద్దమ్మా అని అడగలేదు, గుర్తు చేస్తే బాధపడుతుందని. ఆవిడకున్నదానికి అప్పటికి డాక్టర్ల పుస్తకాల్లో కూడా ఈ పేరు లేదు, పీటీఎస్‌డీ, అంటే ప్రాణం మీదకొచ్చిన సంఘటన తర్వాత వదలకుండా ఉండిపోయే జబ్బు, ఆ పేరుతో అమెరికా సైకియాట్రీ వాళ్ళు జబ్బుల జాబితాలో చేర్చింది 1980 లో, అంటే ఉప్పెన వచ్చిన మూడేళ్ళకి. మన ఊళ్ళలో జడుపు అనేవాళ్ళు, జడుసుకుంది అనేవాళ్ళు, తాయెత్తు కట్టి విబూది పెట్టి దిష్టి తీసేవాళ్ళు. ఆ జడుపు అన్న మాట తప్పేం కాదు, చాలా దగ్గరి మాట. కానీ దాన్ని తగ్గించే దారి ఉందని అప్పుడు ఎవరికీ తెలీదు. ఇప్పుడు తెలుసు, అందుకే మీరు మా పెద్దమ్మలా జీవితాంతం తాడు తడుముకుంటూ బతకాల్సిన పని లేదని ఇంత గట్టిగా చెప్తున్నా.

అసలు మీకేం జరుగుతోందంటే, మన మెదడులో అమిగ్డాలా అని చిన్న భాగం ఉంటుంది, ప్రమాదం కనిపిస్తే గంట కొట్టడమే దాని పని. ఆ గంట మోగగానే గుండె స్పీడు పెరుగుతుంది, చెమట పడుతుంది, కాళ్ళూ చేతులూ పరిగెత్తడానికి రెడీ అయిపోతాయి, ఆలోచన వెనక్కిపోతుంది. ఆ ఆదివారం పొద్దున ఆ గంట మోగబట్టే మీరు బాబుని ఎత్తుకుని మెట్లెక్కారు, అది దాని పని అది చేసింది. మామూలు జ్ఞాపకాలు మెదడులో తేదీ వేసుకుని కూర్చుంటాయి, మీ పెళ్ళి జరిగి ఇన్నేళ్ళయింది, బాబు పుట్టి ఇన్నేళ్ళయింది అని తెలుస్తూనే ఉంటుంది కదా. కానీ ప్రాణం మీదకి వచ్చినప్పటి జ్ఞాపకం చాలాసార్లు అలా సర్దుకోదు, శబ్దం ఒక ముక్క, వాసన ఒక ముక్క, కాళ్ళకి తగిలిన చల్లదనం ఒక ముక్కగా విడివిడిగా ఉండిపోతుంది, దాని మీద తేదీ ఉండదు. అందుకే ట్యాంకు నిండి నీళ్ళు కారిన చప్పుడు వినపడగానే మీ ఒంటికి అది ఈ రోజు ట్యాంకు కాదు, ఆ రోజు బుడమేరే. రెండో అంతస్తులో ఉన్నామని మీ బుర్రకి తెలుసు, ఒంటికి ఇంకా తెలీదు. ధైర్యం లేకపోవడం కాదమ్మా ఇది.

మీరు రాసిన ఒక్కొక్కటీ డాక్టర్లు ఈ జబ్బుకి చూసే లక్షణాల్లోకే వస్తుంది. చప్పుడుకి ఆ రోజంతా మళ్ళీ జరుగుతున్నట్టు అనిపించడం ఒకటి, పాత వీధికి పోకుండా తప్పించుకోవడం ఒకటి, తప్పంతా నాదే నేను చెడ్డదాన్ని అనుకోవడం ఒకటి, నిద్ర లేకుండా కాపలా కాయడం, ఇట్టే కోపం రావడం ఒకటి. ఇవన్నీ నెల దాటి ఉండి, పనికీ సంసారానికీ అడ్డం పడుతుంటేనే పీటీఎస్‌డీ అంటారు, మొదటి నెల్లో చాలామందికి ఇలాగే ఉండి దానంతటదే సర్దుకుంటుంది. మీకు రెండో వానాకాలం వచ్చేసింది, కాబట్టి ఆగి చూద్దాం అనే టైం అయిపోయింది. పేరు పెట్టాల్సింది మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి చూసిన డాక్టరే, నేను ఉత్తరం చదివి పెట్టకూడదు, కానీ వెళ్ళి చూపించుకోవాల్సినంత ఉందని మాత్రం ఖాయంగా చెప్పగలను.

వరద నీ ఒక్కదానికే వచ్చిందా అనే వాళ్ళకి ఏం చెప్పాలి అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో 70 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలా ప్రాణం మీదకొచ్చే సంఘటన ఎదురవుతుంది, కానీ జనాభాలో పీటీఎస్‌డీ ఏదో ఒక టైంలో వచ్చినవాళ్ళు దాదాపు 4 శాతమే. ఒకే వాన అందరి మీదా పడింది, అందరి ఇంట్లో నీళ్ళు ఒకే ఎత్తుకి రాలేదు. ఎవరింట్లో నడవలేని మనిషి మంచం మీద ఉన్నారు, ఎవరు ఎవర్ని వదిలి మెట్లెక్కాల్సొచ్చింది, తర్వాత ఎవరు ఎవర్ని ఏమన్నారు, వీటన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది. తర్వాత ఆదుకునే మనిషి దొరకడం దొరక్కపోవడం కూడా చాలా పెద్ద విషయం. మీకు ఆదుకునే మాట బదులు ఆడపడుచు మాట దొరికింది.

ఆ మాట దగ్గరకే వస్తున్నా, ఎందుకంటే మీ జబ్బుకి వేరు వాన కంటే ఎక్కువ అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

జాకెట్ల సంచి. మీ ఉత్తరంలో ఆ సంచి గురించి మూడుచోట్ల రాశారు, నేను కుదించేటప్పుడు రెండు తీసేశాను. ఇప్పుడు ఆ పొద్దుటికి వెనక్కి వెళ్దాం, కానీ ఈ రోజు తెలిసినవి అన్నీ గుమ్మం బయట పెట్టి వెళ్దాం. చీలమండల దాకా నీళ్ళు. మీ వీధిలో వాన గట్టిగా పడితే ఏటా వచ్చేన్ని నీళ్ళు. ఎగువన బుడమేరుకి గండ్లు పడ్డాయని మీకు తెలుసా? తెలీదు. అర గంటలో నడుం దాకా వస్తాయని తెలుసా? తెలీదు. అప్పుడు మీకున్న లెక్క ప్రకారం అత్తగారు మంచం మీద ఉన్నారు, మంచం ఎత్తుగా ఉంది, నీళ్ళు కింద ఉన్నాయి, అంటే ఆవిడ క్షేమంగా ఉన్నారు. నేల మీద ఉన్నది ఎవరు? బాబు. నేల మీద ఉన్నది ఏంటి? పక్కవాళ్ళ బట్టలు, తడిస్తే మీరు డబ్బు కట్టుకోవాల్సినవి. ముందు నేల మీద ఉన్నవాటిని తీశారు. ఒక చేతిలో బిడ్డ ఉన్నాడు, రెండో చేత్తో నడవలేని మనిషిని ఎత్తలేరు, ఆ చెయ్యి ఖాళీగా వెళ్ళినా సంచితో వెళ్ళినా ఆవిడ మంచం మీదే ఉండేవారు. ఆవిడని మోయడానికి ఇద్దరు మగపిల్లలు కావాల్సొచ్చింది అని మీరే రాశారు కదా. బాబుని పైన దింపాక మీరు పైనే ఉండిపోలేదు, నీళ్ళు పెరుగుతుంటే ఆ నీళ్ళలోకే మళ్ళీ కిందకి దిగారు. దీని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాసుకోలేదు, వచ్చేసరికి అన్న ఒక్క పదంలో దాటేశారు. ఈ జబ్బు చేసే పని అదే, మనం చేసిన మంచి పనిని మింగేసి మిగిలినదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది.

తర్వాత జరిగింది తెలుసు కాబట్టి ముందే తెలిసుండాలి అనిపిస్తుంది. థెరపీలో దీని మీద గంటల తరబడి పని చేస్తారు, నేను నాలుగు లైన్లలో చెప్పినంత మాత్రాన మీ తప్పు లేదని మీ మనసుకి ఎక్కదు, నాకు తెలుసు. అయినా ఎవరో ఒకరు మొదట చెప్పాలి కదా.

ఇక మర్చిపో అనే సలహా. చెప్పేవాళ్ళు మంచికే చెప్తారు. కానీ ఇరవయ్యేళ్ళకి పైగా ఈ పనిలో ఉండి నేను చూసింది ఏంటంటే, మర్చిపోవాలని తోసేకొద్దీ అది రాత్రుళ్ళు వస్తుంది. పాత వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే గుండె దడ తగ్గుతుంది నిజమే, కానీ ఒంటికి ఏం అర్థమవుతుందంటే వెనక్కి తిరిగాం కాబట్టే బతికాం అని. రేపు ఆ మలుపు ఇంకా భయంగా ఉంటుంది, ఎల్లుండి ఆ రోడ్డే వద్దనిపిస్తుంది. అలా మీకు వీధి పోయింది, కస్టమర్లు పోయారు, ఇప్పుడు నిద్ర పోతోంది. తగ్గించే వైద్యం దీనికి తలకిందులుగా ఉంటుంది, దాచిపెట్టినదాన్ని నమ్మకమైన మనిషి పక్కన కూర్చుని మెల్లగా బయటకి తీసి పూర్తిగా చెప్పుకోవడం.

అది ఎలా ఉంటుందో చెప్తా, తెలియక భయపడతారు కాబట్టి. వారానికోసారి వెళ్తారు, గంటో గంటన్నరో, మొత్తం ఎనిమిది నుంచి పదిహేను సార్ల దాకా ఉండొచ్చు. మొదటిసారే అంతా చెప్పమనరు. ముందు జబ్బు గురించి చెప్తారు, ఊపిరి నిదానం చేసుకోవడం నేర్పిస్తారు. తర్వాత ఆ పొద్దున జరిగింది కళ్ళు మూసుకుని ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పమంటారు, అది రికార్డు చేసి ఇంటి దగ్గర వినమంటారు. నా దగ్గరకి ఒకావిడ వచ్చేది, వంటింట్లో సిలిండర్ మంటలు లేచి చెల్లెలు పోయింది, వివరాలు కొన్ని మార్చే చెప్తున్నా. మొదటిసారి తలుపు దగ్గరకి రాగానే మాట ఆగిపోయేది, ముందుకి వెళ్ళేది కాదు, చీర కొంగు నోట్లో కుక్కుకునేది. రెండోసారీ అంతే. నాలుగోసారి తలుపు దాటింది. ఆరోసారి చెప్తూ చెప్తూ ఆగి, అమ్మా నేను దుప్పటి తడిపి వేశాను, ఇది ఇన్నాళ్ళూ నాకు గుర్తే లేదు అంది. తన అరచేతుల వైపు చూసుకుంది, అక్కడ కాలిన మచ్చలు అప్పటిదాకా ఎందుకొచ్చాయో తనకే తెలీనట్టు. ఆ రోజు తర్వాత ఇంట్లో స్టవ్ తనే వెలిగించుకోవడం మొదలుపెట్టింది. జ్ఞాపకం ఎక్కడికీ పోలేదు, దానికి తేదీ పడింది.

దీంతో పాటు మెట్లుమెట్లుగా బయట పనులు కూడా చేయిస్తారు. మీకైతే మొదట ఫోన్లో వాన చప్పుడు వినడం, తర్వాత చినుకుల్లో బాల్కనీలో నిలబడటం, ఆ తర్వాత పగలు మీ ఆయన ఆటోలో పాత వీధి మొదటిదాకా వెళ్ళి భయం తగ్గేదాకా అక్కడే ఉండటం, ఇలా ఏదో ఉంటుంది, లిస్టు మీరూ థెరపిస్టూ కలిసే రాస్తారు, ఎవరూ బలవంతం చేయరు. ఈఎండీఆర్ అని ఇంకో పద్ధతి ఉంది, జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని థెరపిస్టు వేలు అటూ ఇటూ కదిలిస్తుంటే కళ్ళతో చూస్తారు, విన్నప్పుడు వింతగా ఉంటుంది గానీ దీన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. మీ ఊళ్ళో ఏది నేర్చినవాళ్ళు దొరికితే అది.

మొదటి రెండు మూడు వారాలు కల్లోలంగా ఉంటుంది, కలలు ఎక్కువవ్వొచ్చు, ఇది వద్దు బాబోయ్ అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చాలామంది మానేస్తారు. మానకండి, ఇలా ఉందండీ అని ఆ మనిషికే చెప్పండి, వాళ్ళు నిదానం చేస్తారు.

మందుల సంగతి. ఈ జబ్బుకి డాక్టర్లు ఎక్కువగా రాసేది సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి. ఇవి నిద్రమాత్రల్లా అలవాటు పడే రకం కాదు, కానీ పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారం కడుపులో వికారం తలనొప్పి ఉండొచ్చు, రెండ్రోజులు వేసుకుని పనిచేయట్లేదు అని ఆపేయకూడదు, బాగయ్యాక కూడా ఒక్కసారిగా కాకుండా డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ ఆపాలి. మీరు ఇప్పుడు వేసుకునేది మెడికల్ షాపతను ఇచ్చింది, మీరు రాసిన పేరుని బట్టి అది ఆల్‌ప్రజోలం రకం. దాంతో ఆ రాత్రికి నిద్ర వస్తుంది, జబ్బు తగ్గదు, అలవాటు పడుతుంది, పోను పోను డోసు పెరుగుతుంది. అలాగని ఈ రాత్రే పారేయకండి, నాలుగు నెలలు రోజూ వేసుకున్నారు కాబట్టి ఒక్కసారి ఆపితే వణుకు, నిద్రలేమి, కొందరికి ఫిట్స్ కూడా రావొచ్చు. అట్ట తీసుకెళ్ళి డాక్టర్ కి చూపించండి, ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు. డాక్టర్ చీటీ లేకుండా ఆ మాత్ర అమ్మడమే తప్పు, ఆ షాపు మనిషి సాయం చేశానని అనుకుంటున్నాడు కానీ మీకు చాలా అన్యాయం చేశాడు.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, విజయవాడలో ప్రభుత్వ జనరల్ హాస్పిటల్లో సైకియాట్రీ విభాగం ఉంది, ఓపీ చీటీ తీసుకుని వెళ్ళడమే. విశాఖ వైపు వాళ్ళు ఇది చదువుతుంటే చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, హైదరాబాద్ లో ఎర్రగడ్డ ఉంది, దూరంగా ఉన్నవాళ్ళు ముందు 14416 కి చేస్తే దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే చెప్తారు. మందు రాసేది సైకియాట్రిస్టు, ఆయన డాక్టర్. మాటలతో వైద్యం చేసేది క్లినికల్ సైకాలజిస్టు, వాళ్ళకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఉందా అని అడగడం మర్యాద తక్కువేం కాదు. రెండ్రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టుకున్నవాళ్ళు ఒక్క గంటలో ట్రామా తీసేస్తాం అంటే నమ్మొద్దు. చాలాచోట్ల ప్రభుత్వ హాస్పిటల్లో జనం ఎక్కువ, డాక్టర్ కి మీకోసం అయిదు నిమిషాలే దొరకొచ్చు, అప్పుడు మందు రాయించుకుని, సార్ నాకు కౌన్సెలింగ్ కూడా కావాలి, ఎవరి దగ్గరకి వెళ్ళాలి అని గట్టిగా అడగండి. అడగనివాళ్ళకి చెప్పే తీరిక వాళ్ళకి ఉండదు.

ముద్ర అన్నారు. 2017 లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ జబ్బు వివరాలు రహస్యంగా ఉంచడం డాక్టర్ల బాధ్యత, మీ అనుమతి లేకుండా ఆడపడుచుకైనా చెప్పడానికి లేదు. వైద్యం పొందడం మీ హక్కు అని కూడా అందులోనే ఉంది. చుట్టాల నోళ్ళు చట్టం మూయించలేదు అనుకోండి, నేను కాదనను. కానీ బీపీకి మాత్ర వేసుకునేటప్పుడు ఎవరి అనుమతీ అడగం, దీనికీ అడగక్కర్లేదు. తాయెత్తు ఉండనివ్వండి, అత్తగారు ఉన్నప్పుడు ఆవిడ కట్టేవారని రాశారు, దాంతో మనసుకి కాస్త ఊరట ఉంటే తీయాల్సిన పని లేదు. తాయెత్తు చేతికి కట్టుకునే ఓపీకి వెళ్ళండి.

డాక్టర్ దగ్గరకి వెళ్ళేలోపు రాత్రి దడ మొదలైతే, లైటు వేసి, చెప్పుల్లేకుండా లేచి నిలబడి రెండు పాదాలూ గచ్చు మీద గట్టిగా నొక్కండి. గచ్చు పొడిగా ఉంది, అది ఒంటికి తెలియాలి. పైకి వినపడేలా చెప్పుకోండి, ఇది రెండో అంతస్తు, ఆ చప్పుడు ట్యాంకుది, బాబు పక్కన పడుకున్నాడు అని. కంటికి కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పండి, మిషను, కత్తెర, క్యాలెండర్ అలా. ఊపిరి తీసుకున్నదానికంటే వదలడం ఎక్కువసేపు వదలండి, పది సార్లు. ఇది వైద్యం కాదు, ఆ పది నిమిషాలు దాటడానికి చేతికర్ర. ఇంటి కాగితాల సంచి ఎప్పుడూ గుమ్మం దగ్గరే పెట్టుకుంటున్నానని కూడా రాశారు, అది తప్పు కాదమ్మా, బుడమేరు పక్కన ఉండేవాళ్ళందరూ అలా పెట్టుకోవాల్సిందే, 2005 లో కూడా వచ్చిన నీళ్ళే అవి. కానీ పడుకునే ముందు ఒక్కసారి చూసుకోండి చాలు, నాలుగోసారి లేచి చూసేది సంచి కోసం కాదు, దడ కోసం. వాన రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే పాత వరద వీడియోలు మ్యూట్ లో పెట్టేయండి, రాత్రి ఎనిమిదింటికి వార్త ఒకసారి వినండి, అంతకంటే వద్దు.

మీ ఆయన గురించి ఒక్క లైనే రాశారు. పోయింది ఆయన్ని కన్న తల్లి. ఆయన ఆ పొద్దున ఎక్కడున్నారో మీరు రాయలేదు, ఆటో వేసుకుని బయటికి వెళ్ళి ఉంటే ఇంటికి రాలేక ఆగిపోయి ఉంటారు, దాన్ని ఆయన ఎవరికీ చెప్పుకోలేక గ్లాసులో కలుపుకుంటున్నారేమో అని నాకు అనుమానం. మగవాళ్ళకి ఈ జబ్బు చాలాసార్లు ఏడుపులా కాకుండా తాగుడులా, కోపంలా, మాట్లాడకపోవడంలా కనిపిస్తుంది. తాగొచ్చినప్పుడు అడగకండి. పొద్దున టీ తాగేటప్పుడు, నేను డాక్టర్ దగ్గరకి వెళ్తున్నా నువ్వు ఆటోలో దింపు, అనండి. వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నా చాలు మొదటిసారికి.

బాబు ఆట ఆపించకండి. మీకు కడుపులో తిప్పడం నిజమే, అయినా ఆపించకండి, వాడి వయసు పిల్లలు జరిగింది నోటితో చెప్పలేరు, ఆడి చెప్తారు. ఆట చివర్లో ఆ బొమ్మలన్నీ ఒడ్డుకి చేరుతున్నాయా లేదా చూడండి. చేరుతుంటే వాడు దాటుతున్నట్టే. ప్రతిసారీ మునిగిపోతుంటే, పక్క తడుపుతుంటే, స్కూలుకి వెళ్ళనని మిమ్మల్ని పట్టుకుని వదలకపోతుంటే వాడిని కూడా తీసుకెళ్ళాలి. కొట్టినప్పుడు తర్వాత దగ్గరికి తీసుకుని, అమ్మకి వాన అంటే భయం వేస్తోంది, అందుకే కోపం వచ్చింది, నీ తప్పు లేదు, అమ్మ డాక్టర్ దగ్గరకి వెళ్తోంది అని చెప్పండి. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఇది అర్థమవుతుంది. చెప్పకపోతే తప్పు తనదే అనుకుంటాడు, మీరు అనుకుంటున్నట్టే.

ఆడపడుచుతో ఇప్పుడే తేల్చుకోవాలని లేదు. ఆవిడా తల్లిని పోగొట్టుకుంది, ఎవరో ఒకరి మీద వేయకపోతే ఆ బాధ మోయలేక మీ మీద వేసింది, అలాగని ఆ మాట ఒప్పు అనట్లేదు, చాలా పెద్ద మాట అన్నది. సంవత్సరీకం రోజు వంటింట్లోనే ఉండిపోయాను, పిండం దగ్గరకి రాలేకపోయాను అని రాశారు. ఏడాది తిరిగే రోజులకి ఇలా ఎక్కువవడం ఈ జబ్బులో మామూలే, సెప్టెంబర్, అక్టోబర్ వస్తున్నాయంటే మీ డాక్టర్ కి ముందే చెప్పి ఉంచండి. అత్తగారితో మీకు పన్నెండేళ్ళ అనుబంధం, మీ మిషను పక్కన కూర్చుని హుక్కులు కుట్టిపెట్టేవారని రాశారు. మీరు భయపడుతున్నారు గానీ, ఇంతవరకూ మీరు ఆవిడ కోసం ఏడవలేదు. భయం కొంచెం తగ్గితే ఆ ఏడుపు వస్తుంది, రానివ్వండి.

రేపు బాబు స్కూలుకి వెళ్ళాక, మిషను మీద కూర్చునే ముందు 14416 కి చేయండి. ఏం చెప్పాలో తోచకపోతే ఇది చూసి చదివేయండి: "సింగ్ నగర్ వరదలో చిక్కుకున్నాం, మా అత్తగారు తర్వాత చనిపోయారు, అప్పట్నుంచీ వాన పడితే నిద్ర లేదు, దడ వస్తోంది, తప్పు నాదే అనిపిస్తోంది, బతకాలని లేదు అని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది, నాలుగు నెలలుగా షాపులో ఇచ్చిన నిద్ర మాత్ర వేసుకుంటున్నా, నాకు డాక్టరూ కావాలి కౌన్సెలింగూ కావాలి." ఇంతే చాలు. మొదటిసారి లైను కలవకపోతే పది నిమిషాలాగి మళ్ళీ చేయండి. వాళ్ళేమన్నారో, ఓపీకి ఏ రోజు వెళ్తున్నారో నాకు రెండు లైన్లు రాయండి, నేను చూస్తుంటాను.